కోటిలింగం పిలుపు

ఆదెమ్మగారిని ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు దొరికేది కాదు, పని దొరికేది. ఆత్మ ఎక్కడ ఉంటుందని అడిగిన ఒక తెలుగు మాస్టారు మూడు రోజులు బావిలో పూడిక తీశారు. కోపం ఎట్లా పోతుందని అడిగిన ఒకావిడ నెల్లాళ్ళు ఈతాకు చాపలు అల్లింది. కోపం సంగతి తెలియదు గానీ ఆశ్రమానికి ఆరు కొత్త చాపలు మాత్రం మిగిలాయి. ఆశ్రమమంటే గొప్పగా ఊహించుకోవద్దు. కనిగిరి దాటి ఎనిమిది మైళ్ళు పోతే కొండ వారగా రెండు రేకుల గదులు, ఒక పందిరి, చుట్టూ కంపదడి, అంతే. అక్కడికి వచ్చేవాళ్ళకి ఆవిడ పద్ధతి తెలుసు కాబట్టి, ఒంట్లో ఓపిక ఎంత ఉందో చూసుకుని మరీ ప్రశ్న అడిగేవాళ్ళు.

కోటిలింగం అదేమీ చూసుకోకుండా అడిగేశాడు. అతను ముప్పై నాలుగేళ్ళు బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరైన మనిషి. "పొదిలి మీదుగా ఒంగోలు వెళ్ళు బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది" అని మైకులో ఒక్క కేక వేస్తే టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు అక్కడే పెట్టి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. అంతమందిని పిలిచిన గొంతు ఇప్పుడు ఒక్క మనిషిని పిలవలేకపోతోంది. అదే అతని బాధ.

"అమ్మా, పిలిచినా రానివాళ్ళని రప్పించుకునేదెట్టా?" అన్నాడు పందిరి కింద కూలబడి.

విషయం కూడా చెప్పాడు. భార్య హైమావతికి రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరిపోయాయి. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కడం కష్టమని డాక్టరు గట్టిగా చెప్పాడు. వచ్చే నెల మొదటి సోమవారం ఒక కంటికి ఆపరేషను. హైమావతికి కత్తి అంటే చచ్చేంత భయం. కూతురు నీరజ పక్కన ఉంటే తప్ప ఆ బల్ల ఎక్కనని భీష్మించుకుని కూర్చుంది, ఆ పంతంతోనే ఇప్పటికి ఒకసారి తేదీ తప్పించింది. నీరజేమో గుంటూరులో నర్సు. ఎన్నిసార్లు ఫోను చేసినా రానంటోంది. తల్లి చేత చెప్పించినా "నువ్వు కూడా నాన్నతో కలిసిపోయావా అమ్మా" అని పెట్టేస్తోంది.

ఇన్ని ముక్కలు చెప్పిన కోటిలింగం ఒక్క ముక్క మాత్రం మింగేశాడు. ఉగాదికి "అమ్మ బొబ్బట్లు చేస్తోంది, రా తల్లీ" అని కూతుర్ని పిలిచింది అతనే. ఆ పిల్ల వచ్చి రెండో బొబ్బట్టు విరుస్తుండగా దర్శి నుంచి పెళ్ళిచూపులకి కారు వచ్చి ఆగింది. పోనీ అక్కడితో ఆగాడా? రెండు నెలలు గడిచాక "ఛాతీలో నొప్పిగా ఉందమ్మా" అని ఫోను చేశాడు. నీరజ రాత్రి బస్సెక్కి, బీపీ మిషను సంచిలో పెట్టుకుని, నిద్రలేని కళ్ళతో పరిగెత్తుకొచ్చింది. వరండాలో కాఫీలు తాగుతూ ఇంకో పెళ్ళివారు కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి ఎవర్నీ ఏమీ అనలేదు. అందరి ఎదుటా తండ్రి చేతికి పట్టీ చుట్టి, బీపీ చూసి, "బాగానే ఉంది నాన్నా" అని చెప్పి, వచ్చిన సంచి వచ్చినట్టే భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆపరేషనని పిలిస్తే "ఈసారి కార్లో ఎంతమంది వస్తున్నారు?" అని అడుగుతోంది. ఇందులో తన తప్పేమైనా ఉందని కోటిలింగానికి అప్పటికి తోచలేదు. పిల్ల మంచి కోసమే కదా చేశాను అన్నది అతని లెక్క.

ఆదెమ్మగారు అంతా విని, పందిరి అవతలికి చెయ్యి చూపించారు. అక్కడ ఇటుక గోడలతో, పైన రేకుతో, ముందు వైపు ఇనుప జాలీతో ఒక కోళ్ళ గూడు ఉంది. ఆశ్రమంలో కోళ్ళేమిటని మొదట్లో కొందరు ముక్కు మీద వేలేసుకున్నారు గానీ, గుడ్లన్నీ ఊళ్ళో బాలింతల ఇళ్ళకి పోతున్నాయని తెలిశాక ఆ వేళ్ళు దిగాయి. పోయిన ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి పాత కోళ్ళన్నీ పోయాయి. మొన్న సంతలో పదకొండు పెట్టల్ని కొత్తగా తెచ్చారు.

"వాటికి ఈ చోటు తెలీదయ్యా. పొద్దుగూకేసరికి వాటంతట అవి గూట్లోకి వచ్చేట్టు నేర్పు" అన్నారావిడ.

"నేనడిగింది కోళ్ళ సంగతి కాదమ్మా."

"తెలుసులే. గూడు అటుంది."

ఏం చేస్తాడు, లేచాడు. ఎట్లా నేర్పాలో కూడా ఆవిడే చెప్పారు. "పది రోజులు బయటికి వదలమాక. తిండీ నీళ్ళూ అన్నీ గూట్లోనే. సాయంత్రం నూకలు చల్లేముందు చేట తట్టి, పిలిచి, అప్పుడు చల్లు. పిలుపు వినబడితే తిండి ఉంటదని వాటికి గట్టిపడాల. పదకొండో రోజు పొద్దుగూకటానికి గంట ముందు, ఆకలి మీద వదిలిపెట్టు."

కోటిలింగం రోజూ రెండు పూటలా మోపెడ్ మీద వచ్చేవాడు. బస్టాండులో నిమిషం తేడా రానివ్వని మనిషి కాబట్టి ఇక్కడా అంతే, అయిదున్నరకి చేట తట్టాడంటే గడియారం సరిచేసుకోవచ్చు. చేట మీద మూడు దెబ్బలు, ఆపైన మైకు లేకపోయినా మైకులో లాగానే "బో... బో... బో..." అని ఒక పిలుపు. మొదటి రెండు రోజులూ కోళ్ళు మూలకి నక్కి బిక్కచచ్చి చూశాయి. నాలుగో రోజుకి మెడలు సాచాయి. ఎనిమిదో రోజుకి చేట చేతిలోకి తీసుకుంటేనే జాలీ దగ్గరికి ఒకదాని మీద ఒకటి పడి వచ్చేవి.

పదకొండో రోజు తలుపు తీశాడు. కోళ్ళు బయటికొచ్చి, రెక్కలు దులుపుకుని, చెత్తకుప్పల మీద పడి తలా ఒక దిక్కుకి పోయాయి. కోటిలింగం గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. ఎండ కొండ వెనక్కి దిగగానే చేట తట్టి పిలిచాడు. కంప కిందనుంచి ఒకటి, బావి పక్కనుంచి రెండు, సొరపాదులోంచి నాలుగు, అట్లా వరసగా పరిగెత్తుకొచ్చి అన్నీ గూట్లో దూరాయి. పదకొండూ లోపల వెదురు బొంగు మీద సర్దుకుని కూర్చున్నాయి. ఆ రాత్రి ఇంటికెళ్ళి హైమావతికి ఆ ముచ్చట మూడుసార్లు చెప్పాడు. "కోళ్ళు వచ్చినయి సరే, పిల్లెప్పుడొస్తది?" అంది ఆవిడ.

ఇట్లా మూడు రోజులు చక్కగా గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం పశువుల ఆసుపత్రి కాంపౌండరు సైకిలు మీద వచ్చాడు. కొక్కెర తెగులు రాకుండా కోళ్ళ కళ్ళలో వెయ్యాల్సిన చుక్కల మందు, ఐసు ముక్కల మధ్య చిన్న సీసాలో తెచ్చాడు. సాయంత్రం రావలసినవాడు, వేరే ఊళ్ళో పని పడి ముందే వచ్చాడు. "రెండు గంటల్లో వేసెయ్యాలండీ, ఐసు కరిగితే మందుకి పదును పోద్ది" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆదెమ్మగారు ఊళ్ళోకి ఒక బాలింతని చూడటానికి వెళ్ళి ఉన్నారు. కోళ్ళేమో తలా ఒక మూల మేస్తున్నాయి. పదకొండింటినీ ఎండలో ఒక్కొక్కదాన్నీ తరిమి పట్టడం అరవై దాటిన మోకాళ్ళ వల్ల అయ్యే పనా? అంతలో కోటిలింగానికి మహా గొప్ప ఉపాయం తోచింది. చేట అందుకున్నాడు.

మూడు దెబ్బలు. "బో... బో... బో..."

వేళ కాని వేళ పిలుపు విన్నా అవి వెనకాడలేదు. నమ్మకంగా పరిగెత్తుకొచ్చి గూట్లో దూరి మెడలెత్తి చూశాయి. కోటిలింగం వెనకే దూరి తలుపు బిగించి, కాళ్ళు దొరికినదాన్ని కాళ్ళతో, రెక్క దొరికినదాన్ని రెక్కతో పట్టుకుని, తలకిందులుగా వేలాడదీసి, అరుస్తున్నదాని కన్ను తెరిచి చుక్క వేశాడు. అరగంటలో పని పూర్తయింది. నూకలు చల్లడం ఆ హడావుడిలో గుర్తే లేదు. ఒంటి నిండా ఈకలతో, దుమ్ముతో బయటికొచ్చి, ఇంత తెలివిగా ఎవరు చేస్తారు అని తన భుజం తానే తట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అయిదున్నరకి చేట తడితే ఒక్క కోడి రాలేదు.

అవి దూరంగా లేవు. దడి పక్కన గుంపుగా నిలబడి, మెడలు పక్కకి తిప్పి, ఒంటికంటితో అతన్నే చూస్తున్నాయి. ఇంకా గట్టిగా పిలిచాడు. రెండడుగులు వెనక్కి వేశాయి. నూకలు గుప్పెళ్ళతో విసిరాడు. ఎగిరి దూరం పోయాయి. చీకటి పడుతుండగా కొన్ని వేపచెట్టు కొమ్మల మీదికి, కొన్ని దడి మీదికి ఎక్కి కూర్చున్నాయి. కొండ మీదనుంచి బావురుపిల్లి దిగుతుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. చెట్టు కింద కర్ర పట్టుకుని నిలబడ్డ కోటిలింగానికి ఏడుపొక్కటే తక్కువ.

ఊళ్ళోంచి తిరిగొచ్చిన ఆదెమ్మగారు చెట్టు పైకి చూశారు, ఈకలు అంటుకున్న అతని చొక్కా చూశారు, ఏం జరిగిందో అడిగారు. అతను చెప్పాడు. చెప్పి, "నా గొంతు వాటికి వినబడటం లేదేమో, మీరొకసారి పిలవండమ్మా" అన్నాడు.

"వినబడక రాలేదనుకుంటున్నావా కోటిలింగం? వినబడే రాలేదు."

"మరి మందు వెయ్యొద్దా అమ్మా? తెగులొచ్చి చస్తే?"

"వెయ్యాల. వెయ్యొద్దని ఎవరన్నారు? పట్టుకోవాల్సొస్తే తరిమి పట్టుకో. దుప్పటి కప్పి పట్టుకో. అవి నిన్ను రెండు రోజులు తిట్టుకుని మర్చిపోతయి. తిండికని పిలిచి పట్టుకోమాక."

కోటిలింగం చేతిలో కర్ర చెట్టు మొదట్లో ఆనించాడు. ఉగాది నాడు ఆకులో సగం విరిచి వదిలేసిన బొబ్బట్టు ఎందుకో అతనికి కళ్ళకి కట్టినట్టు కనబడింది. చెట్టు మీద కోళ్ళ వైపు ఇక తలెత్తి చూడలేకపోయాడు.

మర్నాడు పొద్దున లెక్కేస్తే పది ఉన్నాయి. నల్లమచ్చల పెట్ట లేదు. దడి అవతల నాలుగు ఈకలు పడి ఉన్నాయి. అతను వాటిని ఏరుకొచ్చి పందిరి కింద పెట్టాడు. ఆదెమ్మగారు మాత్రం కొత్త పని చెప్పారు. "రోజుకి నాలుగుసార్లు పిలువు. నూకలు చల్లు. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి ఇక్కడ కూర్చో. తలుపు జోలికి పోవద్దు. అవి రానీ, రాకపోనీ, తిననీ, తినకపోనీ, నువ్వు మాత్రం లేవమాక."

చెప్పినంత తేలిక కాదు ఆ పని. పిలవడం, చల్లడం, ఊరికే కూర్చోవడం. మొదటి రోజు నూకలన్నీ పిచ్చుకలు తిన్నాయి. రెండో రోజు మధ్యాహ్నం నల్లమచ్చల పెట్ట ఎక్కడినుంచో కుంటుకుంటూ, తోక సగం ఊడి తిరిగొచ్చింది. దాన్ని చూడగానే కోటిలింగం "అమ్మయ్య!" అని పైకే అన్నాడు. ఎత్తుకుని గుండెకి హత్తుకుందామన్నంత ప్రేమ పొంగింది గానీ, చేతులు వెనక్కి కట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. మూడో రోజు అతను కూర్చున్న చోటికి పది గజాల దూరంలో రెండు పెట్టలు నూకలేరాయి. నాలుగో రోజు ఏడు వచ్చాయి. ఒకసారి మోకాలు పట్టేసి కాలు చాపేసరికి అన్నీ చెదిరిపోయాయి, ఆ పూట కష్టమంతా మట్టిలో కలిసింది. రాత్రిళ్ళు మాత్రం అవి చెట్టు మీదే. అక్కడ బావురుపిల్లి, ఇక్కడ కోటిలింగం, ఈ ఇద్దరిలో అవి బావురుపిల్లినే నయమనుకున్నాయి. ఆ సంగతి తలుచుకుంటే అతనికి నిద్ర పట్టేది కాదు.

ఏడో రోజు సాయంత్రం, చేట తట్టి, పిలిచి, గూట్లో నూకలు చల్లి వచ్చి కూర్చున్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఒక ఎర్ర పెట్ట గడప దాకా వచ్చి ఆగింది. లోపలికి చూసింది, ఇతని చేతుల వైపు చూసింది, లోపలికి పోయింది. దాని వెనక ఇంకొకటి. ఆ తరవాత ఒకేసారి అయిదు. కోటిలింగం లెక్కపెడుతున్నాడు. పది దూరాయి. నల్లమచ్చల పెట్ట గూటి ముందు అటూ ఇటూ పచార్లు చేసి, చీకటి బాగా ముసిరాక, సగం తోక ఊపుకుంటూ చివరికి అదీ ఎక్కింది. ఆదెమ్మగారు నెమ్మదిగా వెళ్ళి తలుపు చేరవేశారు. లోపల బొంగు మీద సర్దుకుంటూ అవి చేసే గునగున చప్పుడు విని అరవై ఒక్క ఏళ్ళ కోటిలింగం కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వారం రోజులుగా గుండె మీద ఉన్న బండ ఎవరో దించినట్టయింది.

ఆ తరవాత ఎవరూ అడక్కుండానే మింగేసిన ముక్క బయటికొచ్చింది. బొబ్బట్ల సంగతీ, ఛాతీ నొప్పి సంగతీ, బీపీ మిషను సంగతీ, అన్నీ చెప్పాడు. ఆదెమ్మగారు వింటూ చేటలో మిగిలిన నూకలు డబ్బాలో పోసుకున్నారు. మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు.

రోడ్డెక్కాక మోపెడ్ ఆపి, అక్కడే నిలబడి ఫోను చేశాడు.

"ఏంటి నాన్నా" అంది నీరజ పొడిగా.

"ఈ సోమవారం అమ్మకి ఆపరేషను. నా మాట నమ్మక్కర్లేదు. డాక్టరు నంబరు పంపిస్తాను, ఆయన్నే అడుగు" అన్నాడు. "ఇంకో మాటమ్మా. ఛాతీ నొప్పని అబద్ధం చెప్పాను చూడు, అది తప్పు. బొబ్బట్ల నాడు చేసింది కూడా తప్పే. ఇకమీదట పెళ్ళివారు వస్తుంటే పెళ్ళివారు వస్తున్నారనే చెప్తా. రావటం మానటం నీ ఇష్టం. బొబ్బట్లని పిలిస్తే మాత్రం బొబ్బట్లే ఉంటయి."

అవతలనుంచి "సెలవు దొరుకుతుందేమో చూస్తాను" అని వినబడింది. అంతే. వస్తానని అనలేదు. అతను మళ్ళీ ఫోను చెయ్యలేదు. వేలు ఎంత దురద పెట్టినా చెయ్యలేదు. రోజులు మాత్రం గడవక గడిచాయి.

ఆదివారం సాయంత్రం గేటు చప్పుడైంది. నీరజ! కానీ లోపలికి రాలేదు. మెట్ల దగ్గర ఆగి, గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూసింది. మగచెప్పులు ఒక జత, ఆడచెప్పులు ఒక జత. వరండా కుర్చీల వంక చూసింది. వీధిలో కార్లేమైనా ఉన్నాయా అని వెనక్కి తిరిగి చూసింది. కిటికీలోంచి ఇదంతా గమనిస్తున్న కోటిలింగానికి సిగ్గుతో తల వాలిపోయింది. ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొద్దామనిపించినా ఉన్నచోటే ఉండిపోయాడు. నీరజ చెప్పులు విడిచింది. లోపలికొచ్చింది. "ఎవరది, నీరజేనా?" అంటూ హైమావతి తడుముకుంటూ లేచి కూతురి మొహమంతా చేత్తో నిమిరింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఏడిచారు, నవ్వారు. సోమవారం ఆపరేషను సలక్షణంగా జరిగింది. బల్ల ఎక్కేదాకా హైమావతి కూతురి చెయ్యి వదల్లేదు. మర్నాడు కట్టు విప్పితే ముందు కూతుర్ని చూసి, "ఇంత చిక్కిపోయావేమే" అని దెబ్బలాట పెట్టుకుంది. ఇంట్లో మళ్ళీ మాటలు వినబడుతున్నందుకు కోటిలింగం ఎన్ని దేవుళ్ళకి దణ్ణాలు పెట్టాడో లెక్క లేదు.

బుధవారం సాయంత్రం మొహమంతా వెలుగుతో ఆశ్రమానికి వచ్చాడు. ఆదెమ్మగారు గూటి ముందు నూకలు చల్లుతున్నారు. కోళ్ళు ఆవిడ కాళ్ళ చుట్టూ చేరి ఏరుకుంటున్నాయి. జరిగిందంతా ఆనందంగా చెప్పాడు.

"చాలా సంతోషమయ్యా" అన్నారు ఆదెమ్మగారు. ఆ మాటలో ఏ మెలికా లేదు. నిజంగానే సంతోషించారు.

కోటిలింగం వెళ్ళలేదు. కండువా కొస మెలిపెడుతూ ఇంకా దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "శుక్రవారం దాకా ఉంటదమ్మా. అద్దంకిలో ఒక సంబంధం ఉంది. పిల్లాడు బ్యాంకులో పని, బుద్ధిమంతుడు. అబద్ధం ఆడను, దాచను, ఎదురుగా కూర్చుని ఒక్కటంటే ఒక్క మాట కదిపి చూడమంటారా? ఇంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడు దొరుకుతదో..."

ఆదెమ్మగారు అతని మొహం వంక చూడలేదు. నల్లమచ్చల పెట్ట నూకలేరుకుంటూ ఏరుకుంటూ అతని కాలి దాకా వచ్చింది.

"కాస్త వెనక్కి జరుగు కోటిలింగం" అన్నారు. "అది తింటోంది."